దర్జీ యాకోబును కొట్టిందెవరు

యాకోబును భార్య కొట్టిందన్న మాట యాకోబు కంటే ముందే ఇల్లు చేరింది.

సూర్యాపేట బస్సు కోదాడలో ఆగగానే, అదే బస్సులో వచ్చిన లాజరు చేతులూపుకుంటూ దిగాడు. యాకోబేమో టాపు మీద నుంచి గుడ్డల మూట దింపించుకోవాలి. ఆ మూట కిందికి దిగేలోపు లాజరు ఆ సంగతి చాయ్ హోటల్లో ఒకసారి, మంగలి దుకాణంలో ఒకసారి, బావి దగ్గర ఒకసారి చెప్పేశాడు.

అచ్చమ్మ అప్పుడు ఇంటి ముందు రోట్లో మిరపకాయలు దంచుతోంది. పక్కింటి రంగి వచ్చి ఆమె ముఖం చూడలేదు, చేతిలోని రోకలి చూసింది.

"దీంతోనేనా?"

"దీంతోనే ఏంది?"

"యాకోబన్నను కొట్టింది."

అచ్చమ్మ రోకలి కింద పెట్టింది. రంగి రెండడుగులు వెనక్కి వేసింది.

మూట భుజాన వేసుకుని యాకోబు వచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళున్నారు. అతను ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళి, కడవలో నీళ్ళు ముంచుకుని తాగి, అరుగు మీద కూర్చున్నాడు. అచ్చమ్మ చీర చెంగు నడుముకు చుట్టింది.

"చెప్పయ్యా. నేను నిన్నెప్పుడు కొట్టిన?"

"కొట్టలే."

"మరి బస్సుల ఏమన్నవ్?"

"కొట్టినవన్న."

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం అది. సూర్యాపేట దాటగానే మిలిటరీ వాళ్ళు బస్సు ఆపి అందరినీ దింపి చూసేవారు. ఒక జవాను యాకోబు అంగీ చెయ్యి పైకి లాగాడు. మోచేతి పైన నీలం మచ్చలు. అంగీ ఎత్తించాడు. వీపున, నడుము దగ్గర కూడా ఉన్నాయి. కొన్ని నీలంగా, కొన్ని పసుపు తిరిగి. ఒంటి మీద దెబ్బలున్న మనిషంటే ఆ రోజుల్లో ఏదో క్యాంపులో తన్నులు తిని బయటపడ్డవాడు, లేదా దళంతో తిరుగుతున్నవాడు. ఎవరు కొట్టారని జవాను హిందుస్తానీలో అడిగాడు. యాకోబుకు నిజంగా తెలియదు. తెలియదంటే దాస్తున్నాడనుకుంటారు. తుపాకీ చూశాడు, ఆకాశం చూశాడు.

"మేరీ బీవీ" అన్నాడు. నా పెళ్ళాం అని.

జవాను హవల్దారును పిలిచి ఇంకోసారి చెప్పమన్నాడు. యాకోబు చెప్పాడు. బస్సు మనుషులందరూ నవ్వారు. హవల్దారు ఒక బీడీ ఇచ్చి, ఈసారి పొట్టిదాన్ని చేసుకోమని చెప్పి పంపించాడు.

"నా పానం కాపాడినవ్ అచ్చమ్మా" అన్నాడు యాకోబు.

"నేనేం చేసిన?"

"కొట్టినవ్ గద."

వాకిట్లో ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అచ్చమ్మ అతని చెయ్యి పట్టి చూసింది. "గియ్యెట్ల అయినయ్?" అని అడిగింది. మిషన్‌కు తగిలి ఉంటాయని యాకోబు అన్నాడు. కుట్టు మిషన్ వీపు మీద ఎలా తగులుతుందని ఆమె అడగలేదు. వాకిలి నిండా జనం ఉన్నప్పుడు అడిగే మాట కాదది.

జనం నమ్మడానికి కారణాలు లేకపోలేదు. అచ్చమ్మ మొగుడి కంటే జానెడు పొడుగు. కోదాడలో పసుపు దంచాలన్నా, వడ్లు దంచాలన్నా ఆమెనే పిలుస్తారు. యాకోబు పొద్దస్తమానం మిషన్ ముందు కూర్చునే మనిషి. ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళ్తుంటే దెబ్బలు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ వారం అచ్చమ్మకు లేని పేరు వచ్చింది. మగవాళ్ళు సందులో ఎదురైతే గోడకు జరిగి దారి ఇచ్చారు. తాగివచ్చే మొగుళ్ళున్న ఇద్దరు ఆడవాళ్ళు సాయంత్రం పూట వచ్చి, ఎక్కడ కొడితే ఎముక విరగకుండా నొప్పి మాత్రం తెలుస్తుందో అడిగారు. లాజరు రోజూ పొద్దున ఇంటి ముందు ఆగేవాడు.

"వదినా, ఇయ్యాల ఎన్ని?"

"నీకైతే లెక్కవెట్టకుంట ఏస్త, రా తమ్మీ."

ఇదంతా ఆమె పట్టించుకునేది కాదు. ఆమె దిగులంతా చర్చి సంఘం గురించే. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది అచ్చమ్మ. ముందు వరసలో చాప మీద కూర్చుని ఆమె గొంతు విప్పితే వెనక అందరూ అందుకుంటారు. పెళ్ళయి కోదాడ వచ్చిన ఏడాది నుంచి అది ఆమె పని. తప్పు చేసినవాళ్ళు పాట ఎత్తకూడదు. వాళ్ళు అందరి ముందు నిలబడి ఒప్పుకోవాలి, సంఘానికి వండి పెట్టాలి, పెద్దలు చాలనేదాకా వెనక వరసలో కూర్చోవాలి. భార్యను కొట్టిన మగవాళ్ళు ఆ చర్చిలో చాలామందే ఉన్నారు. వాళ్ళను లేపి నిలబెట్టినట్టు ఎవరికీ గుర్తులేదు. మొగుడిని కొట్టిన ఆడదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న సంఘానికి ఇదే మొదటిసారి.

అందువల్ల సంఘపెద్ద చంద్రయ్య చాలా ఉత్సాహంగా ఉన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతను యాకోబును నిలబెట్టి అడిగాడు. "బిడ్డా, కొట్టిందా, కొట్టలేదా?"

యాకోబు చిక్కులో పడ్డాడు. కొట్టలేదంటే ఆ మాట మిలిటరీ చెవిన పడుతుంది. కొట్టిందంటే భార్య పాట పోతుంది.

"యాదికి లేదు పెద్దయ్యా."

"దెబ్బలు తిన్నది యాదికి లేదా?"

"పండుకున్నప్పుడు కొట్టిందేమో."

చర్చి ఘొల్లుమంది. అచ్చమ్మ లేచింది. "నేను కొట్టుంటే మంచం ఇరిగేది. పోయి మంచం సూసుకోండ్రి!"

ఆ మాట చంద్రయ్యకు ఆలోచించదగ్గదిగా కనిపించింది. అతను కళ్ళు మూసుకుని చెప్పాడు. "ఇంట్ల తడి కనవడ్డదనుకో. కుండ కారుతున్నదా, చూరు కారుతున్నదా? కుండను జరిపి సూడాలె. యాకోబును జరుపుదాం. ఇంకో ఇంట్ల ఉంచుదాం. దెబ్బలు ఆగినయా, అచ్చమ్మ కొట్టినట్టే. ఆగలేదా, కొట్టనట్టే."

కొడుకు సంగతి విని మిర్యాలగూడ నుంచి వచ్చిన సారమ్మ చివరి వరసలోంచి చెయ్యెత్తింది. మనిషి పిడికెడంత ఉంటుంది. "నా ఇంట్ల ఉంచుండ్రి. పువ్వు లెక్క సూసుకుంట. నేను తొమ్మిది నెలలు మోసింది దీని రోకలి కింద ఎయ్యనీకి గాదు!"

"తోలుకపో అత్తా. దుప్పటి గుంజుకుంటడు, జర పైలం" అంది అచ్చమ్మ.

యాకోబు ఎడ్లబండి మీద మిర్యాలగూడ వెళ్ళాడు. ఊరంతా సాగనంపింది.

మొగుడు లేని ఇంట్లో అచ్చమ్మ అతని పని సర్దింది. మిషన్ మీద ఒక పెళ్ళికొడుకు అంగీ సగంలో ఆగి ఉంది. తెల్లగుడ్డ. తిప్పి చూస్తే అంచు వెంబడి చుక్కలు, ఆవగింజంత, ఎర్రగా. కుట్టు ముగిసిన ప్రతిచోటా ఒకటి. దారం ముగిసినచోట యాకోబు పంటితో కొరుకుతాడు, దర్జీలందరూ అంతే. ఈ మధ్య కత్తెర వాడుతున్నాడు. ఒక దారానికి కత్తెర ఎందుకని ఆమె అడిగితే, "పట్నం దర్జీలు గిట్లనే చేస్తరు" అన్నాడు. ఆమె చుక్కలను చన్నీళ్ళతో ఉతికింది. యాకోబుకు ఆకువక్క అలవాటు లేదు. ఆ సంగతి ఆమెకు గుడ్డ పిండుతుంటే తట్టింది. ఆరేసేటప్పటికి రంగి వచ్చి మాటల్లో పెట్టింది.

పది రోజులు కాకముందే మిర్యాలగూడ బండి తిరిగివచ్చింది. బండి కనిపించకముందే సారమ్మ గొంతు వినిపించింది.

"నేను ముట్టలే! బైబులు మీద ఒట్టు, ఈగను గూడ వాలనియ్యలే!"

బండిలో యాకోబు గడ్డివామికి ఆనుకున్నట్టు మూటకు ఆనుకుని నవ్వుతున్నాడు. చేతుల మీద పాతవి పోయి కొత్తవి వచ్చాయి. రెండు చెంపలూ ఉబ్బి ఉన్నాయి. ఒక కంటి తెల్లగుడ్డులో సగం ఎర్రగా ఉంది.

"మిర్యాలగూడెంల అందరు నన్ను రాకాసి అంటున్నరు" అని సారమ్మ ఏడ్చింది. "నీళ్ళకు పోతే ఒక్క ఆడది నా పక్కన బిందె వెట్టలే!"

అచ్చమ్మ నడుము మీద చేతులు వేసుకుంది. ఇంత మంచి రోజు ఆమెకు ఈ మధ్య రాలేదు. "రోకలి ఇయ్యనా అత్తా? చేతులు నొస్తయ్, ఉత్త చేతులతోని ఎందుకు?"

సారమ్మ చెప్పు తీసింది. యాకోబు బండిలోంచి, "కొట్టకు అమ్మా, మళ్ళ నా మీదికే వస్తది" అన్నాడు.

ఇక అచ్చమ్మ పాట అచ్చమ్మకు ఇచ్చేయవచ్చు. కాని చంద్రయ్యకు ఒకసారి జరిపిన కుండతో తృప్తి లేదు. అత్తాకోడళ్ళు కూడబలుక్కుని ఉండవచ్చు అన్నాడు. ఆ ఇద్దరూ కూడబలుక్కోవడమన్న మాటకు సంఘం మళ్ళీ నవ్వింది. అయినా పెద్దయ్య మాట పెద్దయ్య మాటే. యాకోబు అక్క సైదమ్మ సూర్యాపేటలో ఉంటుంది. కోడిని కోయాలంటే పక్కింటివాళ్ళను పిలిచే మనిషి. యాకోబును అక్కడికి పంపారు.

సైదమ్మ వారం తిరగకుండానే తమ్ముడిని బస్సెక్కించుకుని తెచ్చింది. చర్చి మెట్ల దగ్గరే చెప్పేసింది.

"పెద్దయ్యా, నా మొగడు నన్ను సూసి భయపడుతున్నడు. నిన్న అన్నం వెడితే దూరంగ జరిగి కూసున్నడు. ఇగ మీ కుండను మీరే ఉంచుకోండ్రి."

చంద్రయ్య యాకోబు అంగీ ఎత్తించి చూశాడు. లెక్క తేలింది. చెయ్యెత్తి తీర్పు చెప్పాడు. "అచ్చమ్మ కొట్టలే. సారమ్మ కొట్టలే. సైదమ్మ కొట్టలే. యాకోబును ఎవ్వలు కొట్టలే!"

అందరూ చప్పట్లు కొట్టారు. లాజరు ఎక్కడినుంచో డప్పు తెచ్చాడు. తీర్పు వచ్చిన సంతోషంలో సారమ్మ కోడలిని కౌగిలించుకుంది, తల ఆమె నడుము దాకానే వచ్చింది. రంగి ఈల వేసింది. పాట ఎత్తమని అందరూ అచ్చమ్మను ముందుకు తోశారు. ఆమె నోరు తెరిచింది. పాట రాలేదు.

ఎవ్వరూ కొట్టలేదు. మరి ఏది కొడుతున్నది?

తెల్లగుడ్డ మీది చుక్కలు, కత్తెర, మిషన్ మీద తల పెట్టి మధ్యాహ్నాలు పడుకోవడం, మోకాళ్ళు పీకుతున్నాయని రాత్రి లేచి కూర్చోవడం. అవన్నీ ఆమె చూసినవే. వాకిలి నిండా నవ్వు ఉండటం వల్ల ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

ఆమె డప్పు మధ్యలోంచి నడిచి యాకోబు దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టి, సంతలో ఎద్దుకు చూసినట్టు నోరు తెరిచి చూసింది. చిగుళ్ళు పళ్ళ మీదికి పాకాయి. పళ్ళు బియ్యపు గింజల మాదిరి కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. సందుల్లో నెత్తురు.

"వదిన పండ్లు లెక్కవెడుతున్నది, ఎన్ని రాల్గొట్టిందో!" అని లాజరు అరిచాడు. జనం విరగబడి నవ్వారు. యాకోబు కూడా నోరు తెరిచే నవ్వాడు.

"సూర్యాపేటకు బస్సు ఎన్నడున్నది?" అంది అచ్చమ్మ.

మరునాడు ముగ్గురు ఆడవాళ్ళూ అతన్ని తీసుకుని బస్సెక్కారు. సూర్యాపేట దగ్గర మిలిటరీ వాళ్ళు బస్సు ఆపారు. అదే జవాను. యాకోబును గుర్తుపట్టాడు. కన్ను చూశాడు, చెంపలు చూశాడు. పక్కన వరసగా నిలబడ్డ ముగ్గురినీ చూశాడు.

"తీనోం?" అని అడిగాడు. ముగ్గురూనా అని.

యాకోబు తల ఊపాడు. జవాను అతనికి సెల్యూట్ కొట్టాడు.

మిషనరీల దవాఖానలో డాక్టరమ్మది గుంటూరు వైపు. మచ్చలు చూసి ఎలా వచ్చాయని అడగబోయింది. ఆమె నోరు తెరవకముందే ముగ్గురూ ఒక్కసారే, "నేను కొట్టలే" అన్నారు. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. యాకోబు ఆమెకు సంగతంతా మొదటి నుంచి చెప్పాడు, జవాను సెల్యూట్‌తో సహా. ఆమె నవ్వుతూనే చిగుళ్ళు నొక్కి చూసింది, మెడ కింద గడ్డలు తడిమింది, పొట్ట ఎడమవైపు వేళ్ళతో నొక్కింది. అక్కడ నవ్వు ఆగింది. వేలు గుచ్చి ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద తీసుకుంది. ఆ వేలికి దూది పెడితే దూది తడిసింది. ఇంకోటి పెడితే అదీ తడిసింది. ఆమె పక్కగదిలో సూక్ష్మదర్శిని మీదికి వంగి చాలాసేపు లేవలేదు.

తర్వాత అచ్చమ్మను వరండాలోకి పిలిచింది.

"ఇది దెబ్బ కాదమ్మా. రక్తం ఎముకల్లో తయారవుతుంది. అక్కడ పనికిరాని తెల్లకణాలు నిండిపోయాయి, మంచివాటికి చోటు లేదు. అందుకే ముట్టుకుంటే కములుతోంది, చిగుళ్ళు వాచాయి. చాలామందికి ఇది జ్వరంతో బయటపడుతుంది. మీ ఆయనకు ఇలా వచ్చింది. మీరనే కాదు, నేనైనా ముందు దెబ్బలే అనుకునేదాన్ని."

"మందు?"

"లేదు. హైదరాబాదు వెళ్తే రక్తం ఎక్కిస్తారు. కొద్దిరోజులు ఓపిక వస్తుంది. అంతే."

"ఎన్ని దినాలు?"

"వానలు పడేదాకా ఉంటే గొప్ప."

అచ్చమ్మ వరండా స్తంభానికి ఆనుకుంది. వేపచెట్టు కింద సారమ్మ, సైదమ్మ యాకోబును మధ్యలో కూర్చోబెట్టుకుని జామకాయ ముక్కలు చేసి పెడుతున్నారు. అతను కొరకలేక చప్పరిస్తున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఎవలంట కొట్టింది?" అన్నాడు యాకోబు.

అతనికి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "నీ నెత్తురే" అంది. మిగతాది కూడా చెప్పింది. వానల మాట కూడా దాచలేదు.

సారమ్మ జామకాయ కింద పడేసింది. సైదమ్మ చెంగు ముఖం మీదికి లాక్కుంది. యాకోబు ఆ జామకాయ తీసి, దుమ్ము దులిపి, తల్లి ఒళ్ళో పెట్టాడు.

"పట్నం పోదామయ్యా" అంది అచ్చమ్మ.

"పోను. పెండ్లికొడుకు అంగీ సగంల ఉన్నది." అచ్చమ్మ వైపు వంగాడు. "ఊర్ల గీ మాట చెప్పకు. చెప్పినవా, దినాం వచ్చి మిషన్ సుట్టు కూసోని ఏడుస్తరు. ఏడ్చేటోళ్ళ నడుమ సూదిల దారం ఎట్ల ఎక్కిస్త? లాజరుగాడు గూడ టోపీ తీసి నిలవడ్తడు. వాడు నవ్వకుంట నిలవడితే నేను ఆ దినమే పోత."

"మరి దెబ్బలేంది అంటే?"

యాకోబు కింద పడ్డ వేపాకు ఒకటి తీసి నలిపాడు. ఏం అడగబోతున్నాడో అతనికి తెలుసు. ఆమె పాట అతనికి ఇష్టం. పెళ్ళిచూపులకు వెళ్ళి ఆ పాట విన్నాకే సరే అన్నాడు.

"తీర్పు అయిపోయింది గదా. కొట్టలేదన్నరు గదా" అంది అచ్చమ్మ.

"అయింది."

"కొట్టిన్నని చెప్తే వెనుక వరసల కూసోవెడ్తరు."

"కూసోవెడ్తరు."

ఆమె ముక్కు చీదింది. చెంగుతో తుడుచుకుంది. "ఎన్ని దెబ్బలని చెప్పాలె?"

"నీ ఇష్టం."

సారమ్మ ముఖం ఎత్తింది. కళ్ళు కారుతూనే ఉన్నాయి. "అన్ని అదే కొట్టిందంటే ఎవలు నమ్ముతరు? మిర్యాలగూడెంల అయినయ్ నా లెక్కల రాయుండ్రి."

"సూర్యాపేటయ్ నాయి" అంది సైదమ్మ చెంగులోంచి. "రెండే. ఎక్కువ చెప్పకుండ్రి, నా మొగడు ఇల్లు ఇడిసిపోతడు."

ముందు నవ్వింది యాకోబు. తర్వాత సారమ్మ. వేపచెట్టు కింద నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే, కిటికీలోంచి డాక్టరమ్మ చూసి, తాను చెప్పింది వీళ్ళకు అర్థం కాలేదేమోనని మళ్ళీ బయటికి వచ్చింది. అచ్చమ్మ కళ్ళు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అచ్చమ్మ లేచి నిలబడింది.

"పెద్దయ్యా, నేనే కొట్టిన."

చంద్రయ్య బైబులు మూశాడు. "మరి జరిపిన కుండ?"

"మిర్యాలగూడెంల నేను కొట్టిన" అని సారమ్మ లేచింది.

"నేను రెండే" అని సైదమ్మ లేచింది.

చర్చి పైకప్పు లేచిపోతుందేమో అన్నంతగా నవ్వారు. చంద్రయ్య తల పట్టుకుని, ముగ్గురూ కలిసి సంఘానికి వండాలని, అచ్చమ్మ వెనక వరసలో కూర్చోవాలని చెప్పాడు. కందిపప్పు, చింతపండు చారు, వంకాయ కూర వండారు. అందరూ తిన్నారు. తిన్నంతసేపూ యాకోబు పక్కన కూర్చోవడానికి పోటీ పడ్డారు, ఎక్కడెక్కడ తగిలాయో చెప్పించుకున్నారు.

ఆ ఆదివారం నుంచి పాట లాజరు ఎత్తాడు. మొదటి రోజే అందనంత ఎత్తులో ఎత్తి, రెండో చరణానికి గొంతు చీలి ఆగిపోయాడు. సంఘమంతా నోరు తెరిచి ఆగింది. వెనక వరసలో అచ్చమ్మ పెదవి కొరుక్కుంది. యాకోబు చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వాడు. తర్వాత ఆ గుడ్డను ఎర్రమరక లోపలికి పోయేలా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెళ్ళికొడుకు అంగీ మిగతా సగం ఇద్దరూ కలిసి కుట్టారు. యాకోబు కూర్చుని కుడతాడు. దారం ముగిసిన చోట అంగీ అచ్చమ్మ వైపు జరుపుతాడు. ఆమె వంగి పంటితో కొరుకుతుంది. తెల్లగుడ్డ మీద చుక్క పడలేదు.

ఇంటి ముందు లాజరు ఆగాడు. "వదినా, ఇయ్యాల ఎన్ని?"

అచ్చమ్మ నోట్లోని దారపు ముక్క ఊసింది.

"ఇంక మొదలువెట్టలే తమ్మీ. జర కూసో."